నిత్యఫల స్ట్రాబెరీ – పెరటి సేద్యము

స్ట్రాబెరీ నేలను అంటి జానెడు ఎత్తున గుబురుగా పెరుగు చిన్న మొక్క. దీని పండు ఎఱ్ఱగాను, మెత్తగాను ఉండి, తీపి పులుపులు కలిసిన రుచి గలిగి యుండును. 100 గ్రాముల పండులో సుమారు 60 మిల్లీగ్రాముల సి విటమిను కలదు. చలి ప్రదేశములకు చెందిన మొక్కయే యైనను, శీతకాలమును సరిగా వాడుకొన్నచో తెలుగు దేశపు పెరళ్ళలో సైతము దీనిని పండించుకొనవచ్చును. అయితే "నిత్యఫలము" అను పేరు విని, సంవత్సరమంతయు పండ్లు కాయునని నమ్మి, ఎక్కువ వెల పెట్టి మొక్కలు కొని, వేసవిలో వానిని పోగొట్టుకొనువారు తఱుచు కానవచ్చుచున్నారు. ఆ పేరునకు అర్థమేమో, ఈ సీమలో ఆ మొక్కవలన ఎంత ఆశింపవచ్చునో ముందుగా తెలిసికొని, పిమ్మట పెరటిలో ఒక చిన్న మడిని మాత్రము పెట్టి చూచుట రైతునకు క్షేమకరము.

మొక్క పుట్టుక

నేడు తోటలలో పెంచు స్ట్రాబెరీ అడవిలో తనంతట పుట్టినది కాదు. 1714లో ఫ్రెజియే అను ఫ్రెంచి ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశమునుండి పెద్ద పండ్లు కాయు మొక్కలను కొన్నింటిని ఫ్రాన్సునకు కొనిపోయెను. అవి ఆడుపూలు మాత్రమే పూచునవి గాన, ఒంటిగా నున్నపుడు కాయలేదు. ఉత్తర అమెరికానుండి అంతకు పూర్వమే వచ్చియున్న వర్జీనియా జాతి మొక్కల ప్రక్కన నాటినపుడు, ఆ పుప్పొడి సోకి కాచినవి. ఆ రెండు జాతుల కలయికవలన నేటి తోట స్ట్రాబెరీ పుట్టినదని 1766లో డ్యుషేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు తెలియజేసెను.

నిత్యఫల రకములు అంతకు చాలకాలము తరువాత వచ్చినవి. 1898లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున శామ్యూల్ కూపర్ అను తోటమాలి తన తోటలో ఒక మొక్క శరత్కాలమున సైతము పూచి కాయుచుండుటను కనిపెట్టి, దాని పిలకలను వేఱుచేసి పెంచెను. దానినుండి నిత్యఫల రకముల వంశము ఆరంభమైనది. కొంతకాలమునకు కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు యూటా కొండలలో దొరికిన అడవి జాతిని తోట రకములతో సంకరపఱచి, పగటి నిడివిని లెక్కచేయక పూచు క్రొత్త వంశమును తయారుచేసిరి. 1981లో వెలువడిన ట్రైస్టార్, ట్రిబ్యూట్ అను రకములును, ఆ తరువాత వచ్చిన సీస్కేప్, ఆల్బియన్ అను రకములును ఈ వంశమునకు చెందినవి.

మూడు తెగలు

స్ట్రాబెరీ రకములను పూచు కాలమును బట్టి మూడు తెగలుగా విభజింతురు.

మొదటిది సామాన్య తెగ. పగలు పొట్టిగా నున్నపుడు ఇది పూమొగ్గలు కట్టును. రకమును, వేడిమిని బట్టి పగటి నిడివి 12 మొదలు 14 గంటలకు లోబడి యుండవలెను. స్వీట్ చార్లీ, కామరోసా, వింటర్ డాన్ మున్నగునవి ఈ తెగవి.

రెండవది పాత నిత్యఫల తెగ. ఇది దీర్ఘమైన పగటివేళలను కోరును. చలిదేశములలో వేసవి మొదట ఒక కాపును, శరత్తులో మఱియొక కాపును ఇచ్చును. ఓజార్క్ బ్యూటీ ఈ తెగకు చెందినది.

మూడవది పగటి నిడివితో పనిలేని తెగ. ఎండవేడిమి మితముగా నున్నంతకాలము ఇది పూచుచు కాయుచు నుండును. వ్యాపారులు రెండవ, మూడవ తెగలను రెండింటిని "నిత్యఫలము" అనియే అమ్ముదురు.

ఈ భేదము తెలుగు రైతునకు ఏల కావలెననగా: ఐరోపా, అమెరికా దేశముల ఉత్తర భాగములలో వేసవి పగలు 15, 16 గంటలు సాగును. అట్టి పగటిలో సామాన్య తెగ పూయదు గనుక, వేసవి పండ్లకై నిత్యఫల తెగలు అచ్చట అవసరమైనవి. హైదరాబాదు అక్షాంశమున పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూనులో సుమారు 13 గంటలు మాత్రమే యుండును. ఇచ్చట మొక్కకు అడ్డువచ్చునది పగటి నిడివికంటె ఎక్కువగా వేడిమియే. పగటి వేడిమి 30 సెంటీగ్రేడు డిగ్రీలు దాటి, రాత్రులు కూడ వెచ్చగా నున్నచో మూడవ తెగ సైతము మొగ్గలు కట్టుట మానును. కావున మైదానములలో ఏ తెగ నాటినను పంట శీతకాలపు పంటయే. పాత నిత్యఫల తెగకు 11 గంటల పగలు చాలకపోవుటచే ఆ చలి దినములలో సైతము అది కొఱతగా పూచును. నిత్యఫలమే కావలెనన్న రైతు మూడవ తెగను అడిగి తీసికొనుట మేలు.

ఎచ్చట పండును

భారతదేశమున ఈ పంటకు పేరుపొందిన చోటు మహారాష్ట్రములోని మహాబలేశ్వరము. అచ్చటి స్ట్రాబెరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆంధ్రప్రదేశములో చింతపల్లి మండలమునందలి లంబసింగి ప్రాంతమున, సుమారు 3,000 అడుగుల ఎత్తున, చలిగాలులను ఆధారముగా చేసికొని దీనిని పండించుచున్నారు. అరకు వంటి ఎత్తైన చోట్లును, హార్స్‌లీ కొండల వంటి చల్లని చోట్లును పెరటి సేద్యమునకు అనుకూలములు. ఇట్టి చోట్ల మూడవ తెగ మొక్కలు మైదానములకంటె ఎక్కువ కాలము కాయును.

తెలంగాణ పీఠభూమిలో నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు రాత్రులు చల్లగా నుండుటవలన పెరటి మడి సాగును. సముద్రతీరపు మండలములలో రాత్రి చలి తక్కువ, గాలిలో తేమ ఎక్కువ. అచ్చట పండు తక్కువగా వచ్చుటయే గాక బూజు బాధయు హెచ్చు. తీరపు రైతులు నాలుగైదు కుండీలతో పరీక్షించి చూచిన పిమ్మటనే మడి కట్టుట మంచిది.

నీటి పరీక్ష

మొక్కలు కొనుటకు ముందు బావి నీటిని పరీక్ష చేయింపవలెను. ఉప్పును ఓర్చుకొనుటలో స్ట్రాబెరీ మిగుల బలహీనమైన మొక్క. నీటి విద్యుద్వాహకత మీటరునకు 0.7 డెసిసీమన్సు వఱకు నున్నచో పంటకు నష్టములేదు. అది 1.7 అయినచో పంట సగమునకు పడిపోవును. ప్రత్తి దీనికి పూర్తిగా భిన్నమైనది. నేలలోని ఉప్పు స్ట్రాబెరీకి చెఱుపు చేయు మట్టమునకు ఏడు రెట్లు పెరిగినను ప్రత్తికి హాని కలుగదు. కాబట్టి "ఈ బావిక్రింద ప్రత్తి బాగుగా పండినది, ఇదియు పండును" అనుకొనరాదు. ఆకుల అంచులు ఎండి గోధుమరంగునకు తిరుగుట ఉప్పునీటి మొదటి గుర్తు. అట్టి నీరుగల చోట వాననీటిని తొట్టెలలో నిలువచేసికొని కుండీలకు వాడవచ్చును గాని, మడి కట్టుట వ్యర్థము.

నేల, మడి, ఎరువు

నీరు నిలువని ఇసుకపాలు గల ఎఱ్ఱ చెలక నేల మేలైనది. పుల్లదనమును తెలుపు పీహెచ్ 5.5 మొదలు 6.5 వఱకు ఉండవలెను. నల్లరేగడిలోను, సున్నపు పాలు ఎక్కువగా గల నేలలోను ఆకులు పసుపుబాఱును, వేళ్ళు కుళ్ళును. అట్టి చోట బయటి ఎఱ్ఱమట్టిని, ఇసుకను, పెంటను కలిపి కుండీలలోనో తొట్లలోనో పెంచవలెను.

వంగ, మిరప, టమాట, బంగాళాదుంప పెరిగిన చోట మూడేండ్లవఱకు స్ట్రాబెరీని నాటరాదు. ఆ పైరులకు తగులు వడలు తెగులు నేలలో దాగియుండి దీనికిని సోకును. పెరటిలో మిరప, వంగ లేని చోటు దొరకుట కష్టమే యైనను ఈ నియమమును విడువరాదు.

ఒక కుటుంబమునకు 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల ఒక మడి చాలును. మట్టిని ఒక అడుగు లోతున త్రవ్వి, గడ్డిదుంపలను, వేరుపురుగులను ఏరివేసి, మడిని 8 మొదలు 10 అంగుళముల ఎత్తునకు లేపవలెను. బాగుగా చివికిన పశువుల ఎరువు 10 మొదలు 12 కిలోలు, వేపపిండి అర కిలో కలుపవలెను. పచ్చి పెంటను వేసినచో వేళ్ళు మాడును, వేరుపురుగు చేరును. యూరియాను మితిమీఱి వేసినచో ఆకు బలియును గాని పండు తగ్గును. వచ్చిన పండును మెత్తనై త్వరగా కుళ్ళును. నాటిన నెల తరువాత, మూడు వారములకొకసారి పేడనీటిని పలుచన చేసి మొదళ్ళ చుట్టును పోసిన చాలును.

మడికి ఉదయపు ఎండ పూర్తిగా తగులవలెను. దినమునకు 6 మొదలు 8 గంటల ఎండ కావలెను. పడమటి దిక్కున గోడయో చెట్టో యుండి సాయంత్రపు ఎండను ఆపినచో, ఫిబ్రవరి చివర అది ఉపకరించును.

నారు, నాటుట

గింజలతో పెంచుట పెరటి రైతునకు తగినది కాదు. గింజ మొలచుట ఆలస్యము. మొలచిన మొక్క తల్లివంటిది కాదు. నమ్మకమైన నర్సరీనుండి, రకము పేరు వ్రాసి ఇచ్చిన పిలక మొక్కలను తీసికొనవలెను. పేరు చెప్పలేని అమ్మకందారు "నిత్యఫలము" అని పలికినంతమాత్రమున ఎక్కువ వెల ఇయ్యరాదు. మొవ్వు గట్టిగాను, వేళ్ళు తెల్లగాను, ఆకులు మచ్చలు లేకను ఉండవలెను. నల్లబడిన వేళ్ళు గలవానిని త్రోసివేయవలెను.

కొండ ప్రదేశములలో హస్త, చిత్త కార్తెలలోను, మైదానములలో స్వాతి, విశాఖ కార్తెలలోను నాటవలెను. మైదానమున అంతకు ముందు నాటినచో వేడికి మొక్కలు వడలును. ఆలస్యమైనచో పంటకాలము తగ్గును.

మడిలో రెండు వరుసలు తీసి, వరుసకు వరుసకు ఒక అడుగు, మొక్కకు మొక్కకు ఒక అడుగు ఉండునట్లు 20 మొక్కలు నాటవలెను. సాయంకాలము నాటుట మంచిది. వేళ్ళను మడవక నిలువుగా సర్ది, మొవ్వు సరిగా నేలమట్టమున నుండునట్లు మట్టి అదుమవలెను. ఈ పంటలో చేతిపని యంతయు ఇచ్చటనే యున్నది. మొవ్వు మట్టిలో పూడినచో కుళ్ళును. వేళ్ళు పైకి తేలినచో ఎండును. నాటిన మఱునాడు, నీరు పోసిన పిమ్మట, ప్రతి మొక్కను చూచి మట్టిని సవరింపవలెను.

పూలను, తీగెలను త్రుంచుట

మొక్క వేరు పట్టకముందే పూయుటకు ఆరంభించును. ఆ పూలను ఉంచినచో రెండు మూడు చిన్న పండ్లతో మొక్క నీరసించును. చలిదేశపు గ్రంథములలో నిత్యఫల రకములకు ఆఱు వారములవఱకు పూలు త్రుంచుమని చెప్పుదురు. అచ్చట తరువాత కాచుటకు మాసములు మిగిలియుండును. తెలుగు మైదానములలో పంటకాలమే నాలుగు మాసములు గావున అంతకాలము త్రుంచుట నష్టము. నాటిన మొదటి మూడు నాలుగు వారములు మాత్రము త్రుంచి, క్రొత్త ఆకులు ఐదారు రాగానే పూతను వదలవలెను. కొండలయందు ఆఱు వారములు త్రుంచినను బాధలేదు.

మొక్కనుండి పొడవుగా వెలువడు పాకుడు తీగెలను పంటకాలమున కనబడినప్పుడెల్ల కత్తిరింపవలెను. తీగెకు పోవు బలము పండునకు దక్కును.

గడ్డి కప్పుట, నీరు పెట్టుట

నాటిన రెండు వారములకు మొక్కల మధ్య ఎండు వరిగడ్డిని రెండంగుళముల మందమున పఱువవలెను. దీనివలన తేమ నిలుచును, కలుపు అణగును, పండు మట్టిని అంటక శుభ్రముగా నుండును. గడ్డి మొవ్వును కప్పరాదు. గడ్డిక్రింద నత్తలు, చెదలు చేరకుండ వారమునకొకసారి ఎత్తి చూడవలెను.

ఈ మొక్క వేళ్ళలో హెచ్చుపాలు పై అఱడుగు మట్టిలోనే యుండును. కావున ఒక్కసారి ఎక్కువ నీరు పెట్టుటకంటె కొంచెము కొంచెముగా తఱుచు పెట్టుట మేలు. వారమునకు ఒక అంగుళము నీరు కావలెను. పైన చెప్పిన మడికి అది సుమారు 70 లీటర్లు. దీనిని మూడు నాలుగు తడులుగా పంచి, ఉదయమున, ఆకులు తడవకుండ మొదళ్ళయందు పోయవలెను. ఫిబ్రవరి ఎండలకు ఇంతకు ఒకటిన్నర రెట్లు కావలసివచ్చును. కుండీలకు దినదినమును చూచి పోయవలెను.

పూతయు తేనెటీగయు

స్ట్రాబెరీ పండుగా జనులు తినునది నిజముగా పండు కాదు. ఉబ్బిన పూవు పీఠము. పైన గింజలవలె కనబడునవే అసలైన పండ్లు. ఒక్కొక్క గింజకు పుప్పొడి సోకినగాని ఆ గింజ చుట్టునున్న కండ ఉబ్బదు. 1950లో నిచ్ అను శాస్త్రజ్ఞుడు లేతకాయపై గింజలను తొలగించి, గింజ లేని చోట కండ పెరుగకుండుటను, గింజలు తయారుచేయు వృద్ధిరసమే కండను పెంచుచుండుటను చూపెను. పండ్లు వంకరగాను, ఒక ప్రక్క నొక్కుకొనిపోయియు వచ్చినచో ఎరువు లోపమని తలపక, తేనెటీగలు రాకుండుట కారణమేమో చూడవలెను. మడి దాపున ఆవాలు, ధనియాలు, బంతి కొలదిగా నాటినచో ఈగలు వచ్చును. పూత కాలమున పగటివేళ మందులు చల్లరాదు.

పురుగులు, తెగుళ్ళు

ఎఱ్ఱనల్లి: పొడి ఎండలు ముదురగానే ఆకు అడుగుభాగమున చేరి రసము పీల్చును. ఆకుపై సన్నని తెల్లచుక్కలు, పిమ్మట కంచురంగు కనబడును. ఆరంభముననే ఆకుల అడుగున నీటిని గట్టిగా చిమ్మి కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొంచెము సబ్బుతో కలిపి సాయంకాలము చల్లవలెను.

బూడిదరంగు బూజు: మబ్బు, మంచు ఉన్న దినములలో పండ్లపై లేచును. బూజుపట్టిన పండును వెంటనే కోసి దూరముగా పూడ్చవలెను. మొక్కల ఎడము తగ్గింపకుండుట, ముదిరిన ఆకులను తీసివేయుట దీనికి ముఖ్యమైన మందు.

వేరుకుళ్ళు: నీరు నిలుచుటవలన వచ్చును. మొక్క పగలు వడలి రాత్రి తేఱుకొనుచు, కొలది దినములకు చచ్చును. అట్టి మొక్కను మట్టితోకూడ తీసివేసి, మడి మురుగును సరిచేయవలెను.

పక్షులు: పండు ఎఱుపెక్కగానే పిచ్చుకలు, పిగిలిపిట్టలు పొడుచును. మడిపై పాత వలను కమ్ములమీద ఎత్తుగా పఱచుటయే ఉపాయము.

కోత

పూవు విచ్చిన సుమారు నెలకు పండు పక్వమగును. మామిడి, అరటివలె దీనిని పచ్చిగా కోసి మాగవేయుట కుదరదు. కోసిన పిమ్మట రంగు మాఱినను తీపి హెచ్చదు. కావున పూర్తిగా ఎఱుపెక్కినదానినే, ఉదయపు చల్లదనమున, అఱ అంగుళము కాడతో గిల్లి తీయవలెను. పండును లాగరాదు. రెండు దినములకొకసారి కోయవలెను. తినునప్పుడు దప్ప ముందుగా కడుగరాదు. సామాన్య వేడిమిలో ఒకటి రెండు దినములకంటె నిలువ ఉండదు. ఈ గుణమువలననే అంగడి దూరమైన రైతునకు ఇది వ్యాపారపు పంటగా తగదు. ఇంటి పిల్లలకు తగును.

బాగుగా సాకిన మొక్క ఒక కాలమున పావుకిలో పండ్లిచ్చినచో మైదానమున మంచి పంటయే. 20 మొక్కల మడికి అది 5 కిలోలు. ఇంతకంటె ఎక్కువ చెప్పి మొక్కలు అమ్మువారి మాటను అనుభవముతో సరిచూచుకొనవలెను.

వేసవి దాటించుట

మైదానమున మార్చి నడుమ కాపు తగ్గును. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునను మాట ఉన్నదే. ఆ వేడిమికి బయలు మడిలోని మొక్క నిలువదు. మంచి మొక్కలను ఐదాఱింటిని మార్చి నెలలోనే కుండీలలోనికి మార్చి, మామిడిచెట్టు నీడనో తాటాకు పందిరి క్రిందనో ఉంచి, పూలు త్రుంచివేయుచు, తడి ఆఱకుండ కాపాడవలెను. వానకాలమున నీరు నిలువని చోటికి మార్చవలెను. ఆగస్టులో వెలువడు పాకుడు తీగెల కణుపులను చిన్న కుండీల మట్టిపై అదిమి ఉంచినచో మూడు నాలుగు వారములకు వేరు పట్టును. అప్పుడు తల్లినుండి కోసి వేఱుచేయవలెను. నిత్యఫల రకములు తీగెలను కొంచెముగానే ఇచ్చును గాన పిలకలు చాలనిచో కొనవలసియుండును. ఒకే వంశమును రెండు మూడేండ్లకు మించి పెంచినచో వైరసు తెగుళ్ళు చేరి కాపు సన్నగిల్లును. అప్పుడు క్రొత్త మొక్కలు తేవలెను.

ముఖ్యాంశములు

1. మొదట నీటి పరీక్ష, తరువాత మొక్కల కొనుగోలు.

2. నిత్యఫలములలో పగటి నిడివితో పనిలేని తెగను పేరడిగి తీసికొనవలెను. మైదానమున ఇది శీతకాలపు పంటయే.

3. మిరప, వంగ, టమాట పెరిగిన చోట నాటరాదు.

4. మొవ్వు నేలమట్టమున ఉండవలెను.

5. మైదానమున పూలను మూడు నాలుగు వారములు మాత్రమే త్రుంచవలెను.

6. పూర్తిగా ఎఱుపెక్కిన పండునే కోయవలెను.

7. ఒక మడితో రెండు శీతకాలములు అనుభవము గడించకముందు ఒక గుంటయైనను ఈ పంటకు విడువరాదు. పెరటి మడి చెడినచో పోవునది 20 మొక్కల వెల. అప్పు తెచ్చి పొలమున వేసినది చెడినచో పోవునది ఆ సంవత్సరపు జీవనము.